మూడు హైదరాబాద్ స్క్వాడ్రన్లు, ఒక గాజు పెట్టె: ప్రాజెక్టు డైరీ

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత యుద్ధ విమానాల సామాన్లు కొనాలనుకునే తెలుగువాళ్లు నాకు తెలిసే ఐదారుగురు ఉన్నారు. వాళ్లు నేను పోగొట్టుకున్న డబ్బు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. ఖర్చంతా పౌండ్లలో ఉంది, ప్రతి దశ చివర మొత్తం వేశాను.

ఇంట్లో గోడకు తగిలించడానికి గడులు గడులుగా ఉండే గాజు ప్రదర్శన పెట్టె ఒకటి తయారుచేస్తున్నాను. అందులో ఏముండాలో ముందు చెప్తాను. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు, అంటే విమాన దళాలు, మూడు: 110, 152, 253. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, నిజాం ఇచ్చిన డబ్బుతో కొన్న డీహెచ్9ఏ బాంబర్లతో 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ వెళ్లింది. రెండో యుద్ధంలో 152 వాళ్లు స్పిట్‌ఫైర్లు, 253 వాళ్లు హరికేన్లు నడిపారు, 1940లో బ్రిటన్ మీదికి జర్మన్ విమానాలు వచ్చినప్పుడు ఈ రెండూ ఎదురు నిలిచాయి. 152 స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం దస్తార్, అంటే తలపాగా, ఉంటుంది, దాని కింద ‘ఫెయిత్‌ఫుల్ అలై’ అని రాసి ఉంటుంది, అంటే నమ్మకమైన మిత్రుడు. మాది నల్లగొండ జిల్లా. నిజాం ఖజానాకు శిస్తు కట్టినవాళ్లలో మా తాత ఒకరు. ఆ విమానాల వెనుక మా ఊరి జొన్నచేల డబ్బు కూడా ఎంతో కొంత ఉందన్న ఆలోచన నన్ను వదలదు. అందుకే ఈ పెట్టెలో అబద్ధపు లేబుల్ ఒక్కటీ ఉండకూడదని మొదటి రోజే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మొదటి రెండు కొనుగోళ్లలోనే ఆ మాట తప్పాను.

దశ 1: రెండు తప్పుడు కొనుగోళ్లు

పాత విమాన సామాన్ల సంతలో టోపీ బ్యాడ్జీ ఒకటి 18 పౌండ్లకు కొన్నాను. యుద్ధకాలంది అన్నాడు అమ్మినాయన. ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే పైన ఉన్న కిరీటం వేరు. రాజు కాలపు బ్యాడ్జీల మీద కిరీటం వంపులు నున్నగా గుండ్రంగా పైకి లేచి ఉంటాయి. ఎలిజబెత్ రాణి వచ్చాక మార్చిన కిరీటంలో ఆ వంపులు నడిమధ్యలో కిందికి కుంగుతాయి. నాది కుంగిన రకం, అంటే 1953 తర్వాతది. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే సంతలోనే పక్కన పెట్టేసేవాణ్ని. తర్వాత అదే బ్యాడ్జీని ‘రాణి కాలంది’ అని స్పష్టంగా చెప్పి 8 పౌండ్లకు అమ్మాను.

రెండోది తోలు జాకెట్ మీద కుట్టుకునే గుడ్డ ప్యాచ్, దూకుతున్న నల్ల పాంథర్ బొమ్మది. బర్మా సరిహద్దులో 152 వాళ్ల స్పిట్‌ఫైర్ల పక్కల మీద ఆ పాంథర్ ఉండేది, అది నిజం. అందుకే ఆశపడి 45 పౌండ్లు ఇచ్చాను. వారం తర్వాత 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి కొని చీకటి గదిలో వేశాను. అంచు దారం మొత్తం నీలంగా, ట్యూబ్‌లైట్‌లా మెరిసింది. బట్టలు తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు యుద్ధం అయిపోయాక గానీ విరివిగా వాడకంలోకి రాలేదు. 1944లో కుట్టిన ప్యాచ్ దారం అలా మెరవకూడదు.

కానీ ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు, ఎందుకంటే అసలైన పాత గుడ్డను తర్వాతెప్పుడో ఎవరైనా సబ్బుపొడితో ఉతికి ఉంటే అది కూడా మెరుస్తుంది. తర్వాత కొన్న నా హెల్మెట్ గడ్డం పట్టీ దగ్గర ఒక మచ్చ అలాగే మెరిసింది, నకిలీ అనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఇప్పుడు నేను చూసే పద్ధతి ఇది:

1. ముందు దారం, తర్వాత గుడ్డ, చివర్న వెనకవైపు.
2. దారం ఒక్కటే సమానంగా అంతటా మెరిస్తే కొత్త దారం అని లెక్క.
3. మరకలు మరకలుగా మెరిస్తే ఉతికిన గుర్తు, అప్పుడు ఇంకో ఆధారం వెతకాలి.
4. ముద్రలు చూడాలి. ‘ఏ.ఎం.’ అంటే ఎయిర్ మినిస్ట్రీ. ఆ శాఖ 1964 దాకా నడిచింది కాబట్టి ఆ రెండక్షరాలు ఉన్నంత మాత్రాన యుద్ధకాలం వస్తువు అయిపోదు.
5. స్టోర్స్ నంబర్, అంటే సామాను రకాన్ని బట్టి వేసే నంబర్, చూడాలి. 6ఏతో మొదలైతే విమానంలోని మీటర్లు, 10ఏ అయితే రేడియో సామాను, 22సీ అయితే పైలట్ల దుస్తులు. వస్తువు ఒకటి, నంబర్ ఇంకో రకం అయితే కొనొద్దు. పొడుగాటి నాటో నంబర్ ఉంటే అది యుద్ధం తర్వాత వేసిందే.

ఖర్చు: బ్యాడ్జీ 18, ప్యాచ్ 45, టార్చి 12. మొత్తం 75.

దశ 2: తోలు హెల్మెట్

టైప్ సీ హెల్మెట్, 165 పౌండ్లు. లోపల షామీ తోలు లైనింగ్, రబ్బరు చెవి కప్పులు, రెండు వైపులా వైర్లు తెగి వేలాడుతున్నాయి. ముద్రలు సరిపోయాయి, 22సీ నంబర్ సరిపోయింది, కుట్టుదారం మెరవలేదు. 1940 పోరాటం గడిలో పెడదామని కొన్నాను. ఇంటికి తెచ్చాక తెలిసింది, టైప్ సీ వాడకంలోకి వచ్చింది 1941లో. 1940 వేసవిలో పైలట్ల తల మీద ఉన్నది దానికి ముందటి టైప్ బీ. హెల్మెట్ అసలుదే, నేను పెట్టదలచిన చోటే తప్పు. తిరిగి అమ్మేద్దామా అనుకున్నాను గానీ 152 వాళ్లు 1942 నవంబర్‌లో ఉత్తర ఆఫ్రికా వెళ్లారు, అక్కణ్నుంచి మాల్టా, సిసిలీ, ఇటలీ. ఆ కాలానికి టైప్ సీ సరిపోతుంది. కాబట్టి వస్తువు ఉంచి గడి మార్చాను. బర్మా గడిలో మాత్రం పెట్టను, ఎందుకంటే ఆ ఎండలకు నూలుగుడ్డతో చేసిన టైప్ డీ ఉండేది. తోలుది పెడితే చూసేవాళ్లకు తప్పు చెప్పినట్టే.

ఇక నేను దానికి చేసిన హాని. తోలు ఎండిపోయినట్టుంది కదా అని ఇంట్లో ఉన్న బూట్ల క్రీమ్ మెడ వెనక పట్టీ మీద 4 సెం.మీ. పొడవున, 3 సెం.మీ. వెడల్పున రాశాను. పది నిమిషాల్లో అక్కడ నల్లటి మరక పడింది, అది లోపలి షామీ దాకా దిగింది. ఇప్పటికీ పోలేదు, పోదు. ఒక విమాన మ్యూజియంలో స్వచ్ఛందంగా పనిచేసే పెద్దాయనకు చూపిస్తే చెప్పాడు, ఎనభై ఏళ్ల తోలుకు నూనె పెట్టడమంటే దుమ్మును, తేమను పిలిచి కూర్చోబెట్టడమే, పైగా టిచ్ బటన్ల ఇత్తడి ఆ కొవ్వుతో కలిసి పచ్చ చిలుము ఇంకా పెంచుతుంది. నిజమే, నా హెల్మెట్ బటన్ల చుట్టూ అప్పటికే మైనంలాంటి పచ్చ చిలుము పేరుకుని ఉంది. దాన్ని తీసిన తీరు:

1. బటన్ చుట్టూ పలచటి ప్లాస్టిక్ షీటు ముక్కను రంధ్రం చేసి దూర్చాను, తోలుకు ఏమీ తగలకుండా.
2. టూత్‌పిక్ మొన అరగదీసి మొద్దు చేసి, దాంతో చిలుమును మెల్లగా లేపాను. లోహపు సూది వద్దు.
3. రాలిన పొడిని మెత్తటి బ్రష్‌తో చీపురుతో ఊడ్చినట్టు ఒకే దిక్కుకు తోశాను.
4. నీళ్లు, స్పిరిట్, క్రీమ్ ఏదీ వాడలేదు.

ఆరు బటన్లకు మూడు సాయంత్రాలు పట్టింది. రెండు నెలల తర్వాత రెండు బటన్ల దగ్గర మళ్లీ కొంచెం కనిపించింది. అది ఇక ఏడాదికోసారి చేసే పని అని అర్థమైంది.

హెల్మెట్ నిలబెట్టడానికి విగ్గులు పెట్టే థర్మోకోల్ తల ఒకటి 7 పౌండ్లకు కొని, కొలవకుండా తొడిగాను. ఇది నేను చేసిన రెండో హాని. తల చుట్టుకొలత 55 సెం.మీ., హెల్మెట్ లోపల 54. నడినెత్తి కుట్టు 6 మి.మీ. తెగింది. వెంటనే తీసేశాను. తర్వాత పాలిథిలీన్ ఫోమ్ దిమ్మె నుంచి 52.5 సెం.మీ. తల చెక్కి, మిగతా ఖాళీని ఆమ్లం లేని టిష్యూ కాగితం ఉండలతో నింపాను. తోలు ఎక్కడా బిగుతుగా లేదు, బరువంతా నెత్తి మీదే లేకుండా చెవుల దగ్గర కూడా ఆనుతోంది. తెగిన కుట్టును అలాగే వదిలేశాను.

ఖర్చు: హెల్మెట్ 165, థర్మోకోల్ తల 7. మొత్తం 247.

దశ 3: తొమ్మిది పౌండ్ల కాగితం

ఈ సేకరణలో నాకు అన్నిటికంటే విలువైనది అన్నిటికంటే చవకది. ఎయిర్‌గ్రాఫ్ అంటారు. సైనికులు ఇంటికి రాసే ఉత్తరాన్ని మైక్రోఫిల్మ్ మీదికి తీసి, ఆ ఫిల్మును విమానంలో పంపి, ఇక్కడ చిన్న ఫోటోగా అచ్చువేసి పంచేవారు. అరచేతికంటే కాస్త పెద్దది. నాది 1944 జూన్‌ది, పంపినవారి చిరునామాలో 152 స్క్వాడ్రన్ అని ఉంది. వానల గురించి, టెంట్‌లో కారే నీళ్ల గురించి, ఇంట్లో పెరటి బంగాళాదుంపల గురించి రాశాడు. పేరు ఇక్కడ రాయను, ఆయన వాళ్లెవరైనా ఉండొచ్చు.

అమ్మినవాళ్లు దీన్ని చేతిరాత ఉత్తరం అన్నారు. కాదు. పదిరెట్లు పెద్దదిగా చూపే లెన్స్ పెట్టి చూడండి, సిరా కాగితంలోకి ఇంకిన జాడ, పాళీ నొక్కుడు ఏదీ కనిపించదు, ఎందుకంటే అది ఫోటో. ఫోటోలాగే దాచాలి: పాలియెస్టర్ కవరు, చల్లని చోటు, వెలుతురు వద్దు.

స్క్వాడ్రన్ ఆ నెలలో ఎక్కడుందో చూడాలంటే ఆపరేషన్స్ రికార్డు పుస్తకాలు చూడాలి. అవి లండన్ క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరుసలో ఉంటాయి, ఫారం 540లో రోజువారీ సంగతులు, ఫారం 541లో ఎవరు ఏ విమానంలో ఎన్ని గంటలకు ఎగిరారన్నది. నేను రైలెక్కి వెళ్లాను, 31 పౌండ్లు. తీరా వెళ్లాక తెలిసింది, ఆ వరుస డిజిటల్ రూపంలో ఉంది, ఇంట్లో కూర్చునే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీరు మాత్రం ముందు కేటలాగ్ చూడండి.

స్క్వాడ్రన్ బర్మా సరిహద్దులో ఉన్న మాట సరిపోయింది, అది ఇంఫాల్ యుద్ధం నడుస్తున్న కాలం. ఉత్తరం రాసినాయన పేరు మాత్రం దొరకలేదు. మూడు నెలల పేజీలు తిప్పాక కారణం బోధపడింది: ఆయన హోదా చూస్తే ఇంజిన్ మెకానిక్, ఫారం 541లో ఉండేది ఎగిరినవాళ్ల పేర్లు. వానలో, బురదలో నిలబడి ఆ ఇంజిన్లను నడిచేలా ఉంచిన మనుషుల పేర్లు ఆ పుస్తకంలో వెతికితే దొరికేది చాలా తక్కువ. ఆ సాయంత్రం పెట్టె నమూనా మార్చాను. అంతకుముందు నడిమధ్య గడి హెల్మెట్‌ది, ఇప్పుడు ఎయిర్‌గ్రాఫ్‌ది. అయితే వెలుతురుకు పెట్టేది దాని నకలు. అసలుది వేరే పెట్టెలో, చీకట్లో ఉంటుంది, లేబుల్ మీద ‘నకలు’ అని రాశాను.

ఖర్చు: ఎయిర్‌గ్రాఫ్ 9, రైలు 31. మొత్తం 287.

దశ 4: అల్యూమినియం ముక్క

14 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, వెర్నియర్‌తో కొలిస్తే 1.2 మి.మీ. మందం. ‘152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌ది, 1940’ అని చెప్పి అమ్మారు, 42 పౌండ్లు. మీద 300తో మొదలయ్యే నంబర్, పక్కన గుండ్రటి ముద్రలో 6ఎస్. 6ఎస్ అంటే సూపర్‌మెరైన్ తనిఖీ ముద్ర, స్పిట్‌ఫైర్ తయారుచేసిన కంపెనీ అది. 300 అంటే మొదటి రకం స్పిట్‌ఫైర్ డ్రాయింగ్ నంబర్, ఐదో రకానికి 349, ఎనిమిదో రకానికి 360, తొమ్మిదో రకానికి 361.

ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ రెండు రోజులు పొరబడ్డాను. మార్పు లేకుండా తర్వాతి రకాల్లో కూడా వాడిన భాగాలకు పాత 300 నంబరే ఉంచేశారు. కాబట్టి 300 ఉందంటే స్పిట్‌ఫైర్ భాగం అని చెప్పొచ్చు, 1940 నాటిది అని చెప్పలేం. ఏ స్క్వాడ్రన్‌దో అసలే చెప్పలేం. లోహం మీద స్క్వాడ్రన్ పేరు ఉండదు. కాగితం మీదే ఉంటుంది, ఆ కాగితం అమ్మినవాళ్ల దగ్గర లేదు. లేబుల్ ఇలా రాశాను: ‘స్పిట్‌ఫైర్ భాగం, సూపర్‌మెరైన్ తనిఖీ ముద్రతో. స్క్వాడ్రన్ తెలియదు.’

253 కోసం కూలిపోయిన హరికేన్ ముక్క ఒకటి చూపించారు, మట్టి కూడా అలాగే ఉంది. తవ్విన లైసెన్సు అడిగితే లేదన్నారు. బ్రిటన్‌లో 1986 నాటి చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాన్ని తవ్వాలంటే రక్షణశాఖ లైసెన్సు కావాలి. అందులో మనిషి ప్రాణం పోయి ఉండొచ్చు కూడా. కొనలేదు. లైసెన్సు కాగితం నకలు ఇవ్వని ముక్కను ఎవరూ కొనకండి, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

అల్యూమినియం శుభ్రం చేయడం ఒక్క వాక్యం: పొడి బ్రష్ తప్ప ఏదీ వాడొద్దు, పాలిష్ చేస్తే పాత పెయింటు, ముద్రలు పోతాయి.

ఖర్చు: 42. మొత్తం 329.

దశ 5: దిక్సూచి, ఆపేసిన పని

పీ8 దిక్సూచి. స్పిట్‌ఫైర్‌లోనూ హరికేన్‌లోనూ పైలట్ మోకాళ్ల మధ్య ఉండేది. పైన తిప్పే రింగు, దాని మీద సమాంతరంగా తీగలు. వెళ్లాల్సిన దిక్కుకు రింగు తిప్పి బిగించి, లోపలి అయస్కాంతం ఆ తీగలతో సమాంతరంగా వచ్చేదాకా, ఎరుపు మీద ఎరుపు పడేదాకా విమానాన్ని తిప్పాలి. లోపలంతా ఆల్కహాల్ నింపి ఉంటుంది, ముల్లు ఊగిపోకుండా. నాది 210 పౌండ్లు. లోపల ఆల్కహాల్ తగ్గి బుడగ పడింది. 14 డిగ్రీల గదిలో బుడగ 26 మి.మీ., 24 డిగ్రీల్లో 17 మి.మీ. వేడికి ద్రవం పెరిగి బుడగ కుంచించుకుపోతుంది, కాబట్టి కొనేటప్పుడు వెచ్చటి హాల్లో చూసి బుడగ చిన్నదే అనుకోకండి.

పక్కన ఉన్న స్క్రూ విప్పి సిరంజితో నింపేద్దామని అరలీటర్ ఐసోప్రొపిల్ ఆల్కహాల్ కూడా కొన్నాను. స్క్రూడ్రైవర్ పెట్టే ముందు ఎందుకో ఆ అంకెల మీది పసుపు పెయింటు చూసి ఆగాను. అది రేడియం పెయింటు. రేడియేషన్ మీటర్ తెప్పించి కొలిచాను:

గదిలో మామూలుగా: గంటకు 0.11 మైక్రోసీవర్ట్.
గాజు మీద ఆనించి: 6.8.
30 సెం.మీ. దూరంలో: 0.27.
ఒక మీటరు దూరంలో: 0.12.

ఇది చవక మీటర్, అంకెలు ఖచ్చితమని అనను, తేడా ఎంతుందో చూడటానికి చాలు. చీకట్లో ఆ పెయింటు వెలగదు కాబట్టి రేడియం పోయిందని చాలామంది అనుకుంటారు. పోయింది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్. రేడియం సగం కావడానికి 1600 ఏళ్లు పడుతుంది. గాజు కింద ఉన్నంతవరకు దూరంగా ఉంచితే సరిపోతుంది, విప్పితే మాత్రం ఆ పెయింటు పొడి గాల్లోకి, చేతులకు, నోట్లోకి వెళ్తుంది. లోపలి ద్రవంలో కూడా పెయింటు రేణువులు ఉండొచ్చు. మా పాపకు ఆరేళ్లు, నేను పని చేసేది ఆమె బొమ్మలు పెట్టుకునే గది పక్కన.

విప్పలేదు. బుడగ బుడగలాగే ఉంటుంది. మీరూ ఇలా చేయండి:

1. రేడియం ఉన్న దేన్నీ విప్పొద్దు, గీకొద్దు, గాజు పగిలినది కొనొద్దు.
2. ముట్టుకున్నాక చేతులు కడగాలి, దగ్గర్లో ఏమీ తినొద్దు.
3. గాలి ఆడని పెట్టెలో మూయొద్దు, రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తుంది.
4. పైన ‘రేడియం’ అని పెద్దక్షరాలతో రాసి అంటించాలి. మీరు లేనప్పుడు ఇంట్లోవాళ్లకు తెలియాలి కదా.
5. పోస్టులో పంపే ముందు, విమానంలో ఇండియాకు తీసుకెళ్లే ముందు రెండు దేశాల నియమాలు చూడాలి.

దిక్సూచి ఇప్పుడు గ్యారేజీలో తాళం వేసిన బీరువాలో, కిటికీ పక్కన ఉంది. ప్రదర్శన పెట్టెలో దాని ఫోటో. దాన్ని ఒక మ్యూజియానికి ఇవ్వడం గురించి మాట్లాడుతున్నాను.

ఖర్చు: దిక్సూచి 210, మీటర్ 70, ఆల్కహాల్ 8. మొత్తం 617.

దశ 6: మొదటి పెట్టె ఎందుకు పనికిరాలేదు

ఓక్ పొర అంటించిన ఎండీఎఫ్ చెక్క, లోపల ఆకుపచ్చ ఉన్ని ఫెల్ట్. లోపలి కొలత 60, 45, లోతు 20 సెం.మీ. చూడటానికి చాలా బాగుంది. అందులో వెండి బ్రోచ్ ఒకటి పెట్టాను, రెక్కల ఆకారంది, పైలట్లు, సైనికులు ఇంట్లో ఆడవాళ్లకు ఇచ్చినవి ఇలాంటివి. వెనక బర్మింగ్‌హామ్ లంగరు గుర్తు, వెండికి వేసే సింహం గుర్తు ఉన్నాయి. ఆరు వారాలకు అది పసుపెక్కి, అంచులు నల్లబడ్డాయి.

తప్పు చెక్కదా, ఫెల్ట్‌దా తెలియాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఆడీ అనే శాస్త్రవేత్త పెట్టిన పరీక్ష ఒకటుంది, వస్తువు పక్కన ఉంచే ప్రతి సామాన్నీ లోహపు ముక్కలతో కలిపి గాజు సీసాలో 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచి చూస్తారు. అసలు పరీక్షలో సీసం కూడా ఉంటుంది, ఇంట్లో సీసం వద్దని వెండి, రాగి మాత్రమే వాడాను. ఒరుగులు ఎండబెట్టడానికి మా ఆవిడ కొన్న డీహైడ్రేటర్‌లో నెల రోజులు నాలుగు సీసాలు కూర్చున్నాయి:

1. ఏమీ లేని సీసా: రెండు లోహాలూ దాదాపు అలాగే.
2. ఎండీఎఫ్ ముక్క: రాగి మసకబారి గోధుమ, పచ్చ మచ్చలు.
3. ఉన్ని ఫెల్ట్: వెండి పూర్తిగా నల్లబడింది.
4. మ్యూజియం అట్ట (ఆమ్లం లేనిది), పాలియెస్టర్ గుడ్డ: మొదటి సీసాకు తేడా లేదు.

ఉన్నిలో గంధకం ఉంటుంది, అది వెండిని తింటుంది. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు రాగిని, సీసాన్ని తింటాయి. రెండూ తప్పే. ఆ పెట్టె ఇప్పుడు పాప రంగుపెన్సిళ్లకు.

ఖర్చు: బ్రోచ్ 38, పెట్టె 54, సీసాలు, రాగిరేకు 13. మొత్తం 722.

దశ 7: రెండో పెట్టె

పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం ఫ్రేము, గాజు, లోపల మ్యూజియం అట్ట. కొలతలు పాతవే. ముందు కిటికీ ఎదురుగోడకు తగిలిద్దామనుకున్నాను. వెలుతురు కొలిచే లక్స్ మీటర్ పెడితే మధ్యాహ్నం 640 లక్స్. తోలుకు, రంగుగుడ్డకు, కాగితానికి 50 దాటకూడదంటారు. ఫోన్ యాప్ అదే చోట 410 చూపించింది, దాన్ని నమ్మకండి. మెట్ల పక్క గోడకు మార్చాను, 38 లక్స్. అయినా గాజుకు అతినీలలోహిత కిరణాలు ఆపే ఫిల్ము అంటించాను.

తేమ దగ్గర ఇంకో తప్పు. నవంబర్‌లో లోపల 68 శాతం ఉంది. కంగారుపడి తేమ పీల్చే సిలికా జెల్ ఎండబెట్టినది అరకిలో పెట్టాను. నాలుగు రోజుల్లో 31కి పడిపోయింది, హెల్మెట్ పట్టీ చెక్కలా బిగుసుకుంది. సగం తీసేసి, మిగతాదాన్ని గది గాలిలోని తేమ పీల్చుకోనిచ్చి మళ్లీ పెట్టాను. ఇప్పుడు మూడు వారాలుగా 48 నుంచి 52 మధ్య ఉంది. రెండు తేమ మీటర్లు పెట్టాను, ఎందుకంటే ఒకదానికొకటి 4 శాతం తేడా చూపిస్తున్నాయి.

ఖర్చు: పెట్టె 96, ఫోమ్, టిష్యూ, అట్ట, పాలియెస్టర్ 47, లక్స్ మీటర్ 18, తేమ మీటర్లు 16, ఫిల్ము 14, సిలికా 11. మొత్తం 924. బ్యాడ్జీ అమ్మిన 8 తీసేస్తే 916. ఇందులో నా తప్పుల వల్ల పోయినది: బ్యాడ్జీ 10, ప్యాచ్ 45, థర్మోకోల్ తల 7, రైలు 31, ఆల్కహాల్ 8, మొదటి పెట్టె 54, కలిపి 155.

దశ 8: ఖాళీ గడి

110 గడి ఖాళీగా ఉంది. బ్రిటన్ యుద్ధంలోకి దిగిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీదికి వెళ్లిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో ఈ స్క్వాడ్రన్‌వి ఉన్నాయి. నా స్తోమతకు దొరికినవన్నీ కాగితం ఆధారం లేనివే. అడ్డదిడ్డంగా ఏదో ఒకటి పెట్టడం కన్నా ఖాళీ మేలనుకున్నాను.

ఈ సంగతి ఫోన్‌లో చెప్తుంటే మా నాయిన అన్నాడు, తాత శిస్తు రసీదు ఒకటి ఊళ్లో మా ఇంటి పెట్టెలో ఉందని. ఉర్దూలో రాసింది, పట్వారీ సంతకం, 1350 ఫసలీ, అంటే నిజాం రాజ్యంలో శిస్తు లెక్కల సంవత్సరం. లెక్క వేస్తే 1940 అక్టోబర్ నుంచి 1941 దాకా. 152, 253 రెండూ బ్రిటన్ మీద ఎగురుతున్న ఏడాది, మా తాత నల్లగొండలో కట్టిన శిస్తు. నాకు కాసేపు మాట రాలేదు. ఫోటో పంపమన్నాను, కాగితాన్ని మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టమని, ఏమీ అంటించొద్దని చెప్పబోయాను.

“గప్పుడే చేయించిన బిడ్డా,” అన్నాడు నాయిన. “కాయితం చిరుగుతున్నదని మొన్న జిరాక్స్ దుకాణంల లామినేషన్ చేయించిన. ఇగ నూరేండ్లు ఏం కాదు.”

ఏమీ అనలేదు. మంచిగ చేసినవ్ నాయినా అన్నాను. ప్రేమతో చేసిన పని అది.

వేడి లామినేషన్‌ను ఇంట్లో విప్పలేం, జిగురు కాగితం పోగుల్లోకి దిగిపోయి ఉంటుంది, ప్లాస్టిక్ లాగితే సిరా దాంతోపాటే వస్తుంది. వేడి చేసి చూడటం, అంచు కోసి చూడటం చేయను. కాగితాల సంరక్షణ చేసేవాళ్లనే అడగాలి. అప్పటిదాకా అనుకున్నవి ఇవి:

1. నాయిన డిసెంబర్‌లో వస్తున్నాడు, రసీదు చేతి సంచిలో తెస్తాడు, వంచకుండా.
2. రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్. ఉర్దూ చదివేవాళ్లతో ప్రతి మాటా చదివించాలి, కట్టిన మొత్తం, ఊరు, సర్వే నంబర్.
3. అసలుది చీకట్లో, విడిగా, పెట్టెలోని మిగతా కాగితాలకు తగలకుండా.
4. గడిలో నకలు.

నాయిన టేపుతో కొలిచి చెప్పిన సైజు ప్లాస్టిక్‌తో కలిపి 19 సెం.మీ., 11 సెం.మీ. ఖాళీ గడి 18 వెడల్పు. మధ్య అడ్డపట్టీని ఒకటిన్నర సెం.మీ. కుడికి జరపాలి, ఈ శనివారం ఆ పని.